తీగ మీది తువ్వాల

రజిత రెండు ముద్దలు తిని డబ్బా మూత పెట్టేసింది.

"పెరుగన్నమే కదమ్మా, మిగిలిందీ తినేయ్. ఐదింటికి మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. అక్కడ మంచినీళ్ళు అడగడానిక్కూడా మనిషి దొరకడు," అంది దీనమ్మ.

"గొంతు దిగుతలేదు హెడ్డమ్మా."

దీనమ్మ గోడ గడియారం చూసింది. పన్నెండూ ఇరవై. పోలీస్ స్టేషన్‌లో ఆడవాళ్ళ కోసం ఉంచిన గది అది. పాతికేళ్ళు ఇలాంటి గదుల్లోనే పనిచేసి, హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైంది దీనమ్మ. ఇప్పుడు చందానగర్‌లో పిండిమర పైన చిన్న గది తీసుకుని డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకుంది. అయినా అందరికీ ఆమె ఇంకా హెడ్డమ్మే. వచ్చేవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులు. అబ్బాయికి తాగుడుందా, అమ్మాయికి ముందేమైనా నడిచిందా, ఇలాంటివి. మనిషి జైలుకి పోవడమో పోకపోవడమో తేలాల్సిన కేసు ఆమె దగ్గరికి రావడం ఇదే మొదలు.

చెప్పుకోవాలంటే నాలుగు మాటల్లో అయిపోయే కేసు. నిన్న గురువారం సాయంత్రం ఆరూ పదికి, మాదాపూర్‌లో ఒక ఆఫీసు భవనం మూడో అంతస్తులో, మానసిక చికిత్స చేసే దేవిశ్రీ తన గదిలో నేల మీద పడి ఉంది. బల్ల అంచు తగిలి తల వెనక గాయం. ఊడవడానికి వచ్చిన అంజమ్మ చూసి కేకలు పెట్టింది. దేవిశ్రీ ఇప్పుడు ఆస్పత్రిలో ఉంది. ప్రాణానికి భయం లేదన్నారు కానీ తెలివి మాత్రం ఇంకా రాలేదు. ఆమెను చివరగా కలిసింది రజిత. ఐదూ నలభై రెండుకి రజిత చున్నీతో కళ్ళు తుడుచుకుంటూ, పరుగులాంటి నడకతో లిఫ్టెక్కడం కెమెరాలో పడింది. గదిలోంచి మాయమైంది ఒక్కటే, రజిత పేరు రాసిన నోటుపుస్తకం. ఎస్సై అజయ్‌కి ఇంతకన్నా ఏం కావాలి? రాత్రికి రాత్రే పట్టుకొచ్చి కూర్చోబెట్టాడు.

"మీ మామ పొద్దున ఎనిమిదిన్నరకే వచ్చి నా గది మెట్ల మీద కూర్చున్నాడు. ఆయన చెబితేనే నీ సంగతి తెలిసింది," అంది దీనమ్మ.

"మామ తిన్నడా?"

దీనమ్మకి ఆ ప్రశ్న నచ్చింది. జైలు గుమ్మంలో నిలబడి ఇంట్లోవాళ్ళ తిండి గురించి అడిగేవాళ్ళు ఆమె సర్వీసులో ఎక్కువమంది కనపడలేదు.

యాదయ్య రజిత మేనమామ. అరవై దాటిన మనిషి. గుమ్మంలో వంగి లోపలికి రావాల్సినంత పొడుగు. ఒంటి మీద నీలం సెక్యూరిటీ చొక్కా. ఆయన కూర్చున్నాక దీనమ్మ టీ గ్లాసు కుడిచేతివైపు పెట్టింది. ఆయన చేత్తో బల్లంతా తడిమి, చివరికి తల మొత్తం తిప్పి గ్లాసు వెతుక్కున్నాడు. శుక్లాలేమో, పాపం ఆపరేషన్ చేయించే దిక్కులేదేమో అనుకుంది దీనమ్మ. "మా బిడ్డ చెయ్యలేదమ్మా. నాకు తెల్సు," అన్నాడు. "ఎలా తెలుసండీ?" అని అడిగితే, "నాకు తెల్సు" అని మళ్ళీ అదే మాట. ఆ టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

"సరే, చెప్పు తల్లీ. అసలు ఆ మేడం దగ్గరికి ఎందుకు వెళ్ళాల్సొచ్చింది?"

రజిత చున్నీ కొంగు వేలికి చుట్టుకుంది. ముప్పై నాలుగేళ్ళ మనిషి. హైటెక్ సిటీలో ఒక టవర్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్. ఆమె కింద పద్దెనిమిది మంది పనిచేస్తారు.

"ఎండకాలంల మా టవర్ల అగ్గి డ్రిల్లు పెట్టిన్రు. సైరన్ మోగంగనే అందరు మెట్లు దిగుతున్నరు. నేనేమో బకెట్లు పెట్టే అరల జొచ్చి, చెవులు మూసుకొని కూసున్న. గంటసేపు. నా కింద పనిచేసే పిల్లలే నన్ను గుంజి బయట వేసిన్రు. సిగ్గుతోని చచ్చిపోయిన. గా ఫ్లోర్ల పనిచేసే ప్రవళిక మేడం చెప్పింది, గురువారం సాయంత్రం మా అసువంటోళ్ళ కోసం దేవిశ్రీ మేడం ఒక టైము ఉంచుతదని."

"ఏం చేసేది ఆవిడ?"

"లైటు చూపిచ్చేది. కర్ర లెక్క స్టాండు, దాని మీద అడ్డంగ పట్టీ. దాంట్ల పచ్చ లైటు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఉరుకుతది. తల కదిలియ్యొద్దు, కండ్లతోనే దాని ఎంబడి పోవాలె. మనసుల ఆ దినం పెట్టుకోవాలె. పాతిక సార్లు తిరిగినంక ఆపి, ఊపిరి తీస్కోమని, 'ఇప్పుడేమొస్తుంది' అని అడుగుతది. అంతే. తనంతట తను ఒక్క మాట అందియ్యదు. బస్సు కిటికీలకెల్లి చూసినట్టు చూడు, దిగకు అనేది."

"అలా చూస్తే మరిచిపోతారా?"

"మరువరు. ఇంకా మంచిగ యాదికొస్తది. కానీ మీద పడదు." రజిత మొదటిసారి తలెత్తి సూటిగా చూసింది. "ముందుగాల, భయం లేని జాగ ఒకటి ఎంచుకోమన్నది. నేను అమ్మ రొట్టెలు చేసే బండ చెప్పిన. పుప్పాలగూడ కాడ రాళ్ళ క్వారీ ఉండె కదా, మా గుడిసె దాని పక్కనే. అమ్మ జొన్నరొట్టె చేత్తోని కొడుతుంటె ఆ సప్పుడుకు నాయిన పని దిగి వచ్చెటోడు. కాళ్ళు కడుక్కుంటె రాళ్ళ పొడి కలిసి, పాలు పారినట్టు తెల్లటి నీళ్ళు పారేటియి. నేను ఆ నీళ్ళల్ల కాగితం పడవ ఇడిచేదాన్ని."

దీనమ్మ డైరీలో రాయడం ఆపింది. క్వారీ ఆమెకీ తెలుసు. ఏలూరు నుంచి పోస్టింగు మీద వచ్చిన కొత్తలో, మదీనాగూడలో ఒంటిగది ఇల్లు. ఆదివారం ప్రార్థన అయ్యాక యోహాను ఆమెను స్కూటరు వెనక ఎక్కించుకుని ఊరికే తిప్పేవాడు. ఈ వైపంతా గుండ్రాళ్ళు, వాటి మధ్య మట్టిబాట. ఒకచోట గుంత అంచున పొడుగ్గా కట్టిన తీగ మీద తువ్వాళ్ళు వరసగా వేలాడుతుండేవి. ఎర్రవి, పచ్చవి, చారలవి. ఇన్ని ఉతికి ఆరేసిన ఇల్లాలెవరో, ఈ రాళ్ళల్లో ఆమెకి నీళ్ళెక్కడివో అని జాలిపడింది దీనమ్మ. యోహాను పోయి పదకొండేళ్ళు. స్కూటరు మీద ఆయన చొక్కా వెనక భాగం గాలికి ఉబ్బి తన మొహానికి తగలడం మాత్రం నిన్నటిదిలాగే ఉంది.

"గుంత అంచున తువ్వాళ్ళు ఆరేసేవాళ్ళు కదూ?" అంది.

రజిత మొహం మారిపోయింది. "మీరు జూసిన్రా? ఆరేసినయి కావు హెడ్డమ్మా. లోపలికి దిగే ప్రతోడు తన తువ్వాల తీగ మీద ఏసి దిగాలె. పైకొచ్చినంక ఎవరిది వాళ్ళు తీస్కోవాలె. బండకు మందు పెట్టి పేల్చేముందు, పైన రైలు పట్టా ముక్క వేలాడదీసి ఉంటది, దాన్ని మూడు దెబ్బలు కొడుతరు. లోపలున్నోళ్ళు సుత్తితోని రాయి మీద ఒక్క దెబ్బ కొట్టి, వినవడ్డదని చెప్పి పైకొస్తరు. తీగ ఖాళీ అయిందని చూసుకున్నంకనే మందు ముట్టిచ్చుడు. ఒక్క తువ్వాల ఉన్నా మనిషి లోపలున్నట్టే."

"కొట్టేది ఎవరు? చూసేది ఎవరు?"

"మామనే."

దీనమ్మ డైరీ మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు ఏడేండ్లు. అమ్మ సద్ది ఇచ్చి పంపింది. మిట్టమధ్యాహ్నం. క్రషర్ మిషన్ మొత్తుకుంటుంది. పట్టా కొట్టింది నాయినకు వినవడలేదేమో, రాలే. తీగ మీద నాయిన తువ్వాల లేదు. నా తల మీద ఉంది. ఎర్రచారల తువ్వాల. బండ పేలింది. అందరు ఉరికొచ్చి నన్ను జూసిన్రు. 'పిల్ల తీసింది' అన్నరు. ఎవరన్నరో యాది లేదు. ఇరవై ఏడేండ్ల సంది నేనే తీసిన, నేనే మా నాయినను చంపిన." ఆమె వేలికి చుట్టిన చున్నీ కొంగు విప్పింది. "ఎంత బాధ అని మేడం సున్న నుంచి పది దాకా అంకె అడిగేది. ఆర్నెల్ల కింద పది. నిన్న రెండు."

"నిన్న ఏం కనపడింది?"

రజిత తల తడుముకుంది. "తువ్వాల నేను గుంజితె నా చేతిలకు రాలే. మీదికెల్లి నా తల మీదికొచ్చింది. రెండు చేతులు చుడుతున్నయి."

"ఎవరివి?"

"టైమైపోయింది." చటుక్కున అంది రజిత. దీనమ్మ ఆ చటుక్కుమనడాన్ని గుర్తుపెట్టుకుంది. "అయిదున్నరకు ఆపినం. మొహం కడుక్కొని పది నిమిషాలు బయట కూసున్న. ఆరింటికి డ్యూటీ. ఏడుసుకుంట ఉరికిన, నిజమే. దుఃఖంతోని కాదు. నాయిన మొహం యాదికొచ్చింది, బతికున్నప్పటిది. ఇన్నేండ్లు రాలే."

"ఇంకొక్కటి. తువ్వాల సంగతి ఇంట్లో చెప్పావా?"

"బుధవారం తింటుంటె మామకు చెప్పిన, రేపు మేడం తువ్వాల కాడికి తీస్కపోతదని. మామ కంచంల చెయ్యి కడిగి లేచిండు. నాయిన యాదికొచ్చిండేమో పాపం అనుకున్న. అమ్మ పోయినంక నన్ను సాకింది ఆయననే గదా."

*

దేవిశ్రీ గది తలుపు దగ్గర కాపలా ఉన్న కానిస్టేబుల్ సురేష్ ఒకప్పుడు దీనమ్మ దగ్గర పంచనామా రాయడం నేర్చుకున్నవాడు.

"పది నిమిషాలు, హెడ్డమ్మా. సార్ వస్తే నేను బాత్‌రూమ్‌కి పోయినట్టే."

"ఏదైనా కదిపారా?"

"లే. ఫొటోలు తీసి, వేలిముద్రలు ఎత్తుకొని పోయిన్రు. ఎక్కడియి అక్కడనే."

ఒకటిన్నరైంది. చిన్న గది. రెండు కుర్చీలు, ఒక బల్ల, పుస్తకాల అర. అరలో నోటుపుస్తకాలు పేర్ల వరసలో నిలబెట్టి ఉన్నాయి. ఒక్కచోట పన్ను ఊడినట్టు సందు. బల్ల అంచున, నేల మీద సుద్దగీతలు. కిటికీ పక్కన లైటు పట్టీ స్టాండు నిలబడే ఉంది.

దీనమ్మ ఇల్లు సర్దుకునే మనిషి చూసినట్టు చూసింది ఆ గదిని. ఏ వస్తువుకి ఏది చోటో మొదట కనిపెట్టాలి. చోటు తప్పిన వస్తువే మాట్లాడుతుంది. రోగి కుర్చీకి సరిగ్గా ఎదురుగా నేల మీద మూడు చిన్న తెల్ల టేపు ముక్కలు అతికించి ఉన్నాయి. స్టాండు మూడు కాళ్ళూ ఉండాల్సింది వాటి మీద. కానీ కాళ్ళు టేపుల మీద లేవు. మూరెడు ఎడంగా, రోగికి ఎడమచేతివైపు జరిగి ఉన్నాయి.

స్టాండు కర్ర మీద అక్కడక్కడా రంగు రంగుల దారాలు కట్టి ఉన్నాయి. అన్నిటికంటే కిందున్నది ఎర్రది. దీనమ్మ ఫోన్ తీసి స్టేషన్లో ఆడ కానిస్టేబుల్‌కి కలిపింది. "రజితని అడగమ్మా, ఆ కర్రకి దారాలేంటని."

జవాబు అర నిమిషంలో వచ్చింది. "ఒక్కొక్కరి కండ్ల ఎత్తుకు ఒక్క దారమట. తను పొట్టిగుంటదని తనది ఎర్రది, అన్నిటికన్న కింద అంటుంది."

పట్టీ ఎర్రదారం దగ్గర లేదు. దానికి రెండు జానల పైన, ఏ దారమూ లేనిచోట బిగించి ఉంది.

దీనమ్మ రోగి కుర్చీలో కూర్చుంది. ఆమెకే మెడ ఎత్తితే గానీ పట్టీ అందలేదు. స్టాండుకి వేలాడుతున్న చిన్న డబ్బాలో ఎర్ర బొత్తాం, పచ్చ బొత్తాం. పచ్చది నొక్కింది. లైటు పరుగు మొదలుపెట్టింది. ఎడమ, కుడి. ఎడమ, కుడి. రెండోసారికే స్కూటరు, ఉబ్బిన చొక్కా, తీగ మీద ఊగే తువ్వాళ్ళు. యోహాను ఏదో అంటున్నాడు, గాలికి వినపడటంలేదు. దీనమ్మ గబుక్కున బొత్తాం నొక్కి ఆపేసింది. కళ్ళు తుడుచుకుని, వచ్చిన పని గుర్తుచేసుకుంది.

లైటు కుడి చివర బాగానే కనిపించింది. ఎడమ చివరకి వెళ్ళినప్పుడు మాత్రం కళ్ళు లాగాయి. రోగికి ఇంత అసౌకర్యంగా ఎవరైనా పెడతారా? ఆమె ఎడమ కన్ను మూసి చూసింది, ఇంకా అన్యాయం. కుడి కన్ను మూసింది.

పట్టీ సరిగ్గా మధ్యకి వచ్చింది.

దీనమ్మ ఆ కుర్చీలో అలాగే ఉండిపోయింది. కళ్ళ ముందు టీ గ్లాసు. కుడిచేతివైపు పెట్టిన టీ గ్లాసు.

"ఏంది హెడ్డమ్మా, మీరు గూడ ట్రీట్‌మెంట్ తీస్కుంటున్నరా?"

గుమ్మంలో అజయ్. ముప్పై దాటని కుర్రాడు, ఇస్త్రీ మడత చెదరని యూనిఫాం. వెనక సురేష్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"పెళ్ళిసంబంధాలు తక్కువైనయా ఈ నెల? మా కేసుల మీద పడ్డరు."

"మూఢంలో ఉన్నామండీ. ముహూర్తాలు లేవు," అంది దీనమ్మ లేవకుండానే. "అజయ్ గారూ, రజిత ఈవిడని ఎన్నింటికి తోసిందంటారు?"

"అయిదున్నరకు, అయిదూ నలభైకి మధ్యల. లోపట ఏదో యాదికి తెచ్చిన్రు, పిచ్చి లేసింది, నూకింది, పుస్తకం ఎత్తుకొని లిఫ్టెక్కింది. అయిపోయింది."

"లిఫ్టులో ఆమె చేతిలో పుస్తకం ఉందా?"

"చున్నీ కింద పెట్టుకొనుంటది."

"చున్నీతో మొహం తుడుచుకుంటోంది కదండీ, కెమెరాలో. రెండు చేతులతో."

అజయ్ చెయ్యి అడ్డంగా ఊపాడు. "కోర్టుల చెప్పుకోమనుండ్రి అవన్నీ."

"ఇది కూడా కోర్టులోనే చెప్పమంటారా?" దీనమ్మ లైటు డబ్బా అతని ముందు పెట్టింది. "ఎన్నిసార్లు తిప్పారో, ఎన్నింటికి తిప్పారో ఇందులో ఉంటుంది. వెనక్కి నొక్కుతాను, చూడండి. నేనిప్పుడు తిప్పింది తీసేయండి. నిన్న మొదటి వరస నాలుగూ పద్దెనిమిది. పాతికసార్లు. తర్వాత అన్నీ పాతిక, పాతిక. చివరిది ఐదూ పన్నెండు. అక్కడితో రజిత పని అయిపోయింది. మరి దీని తర్వాత ఇదేంటి?"

అజయ్ వంగి చూశాడు. ఐదూ యాభై ఒకటి. ఆరుసార్లు.

"మిషన్ గడియారం తప్పుండొచ్చు."

"తప్పే. నా ఫోన్‌తో చూశాను, రెండు నిమిషాలు వెనక ఉంది. అంటే ఐదూ యాభై మూడు. అప్పటికి దేవిశ్రీ గారు నిక్షేపంగా ఉండి, ఎవరికో లైటు వేసి చూపించారు. ఐదూ నలభై రెండుకి లిఫ్టెక్కిన రజిత అప్పుడెక్కడుంది?"

"మెట్ల మీదికెల్లి మల్ల వచ్చిందేమో."

"ఆమె టవర్లో మొహం చూసి హాజరు వేసే మిషనుంది. ఫోన్ చేయండి. నేను చేస్తే చెప్పరు, మీరు చేస్తే చెబుతారు."

అజయ్ వరండాలోకి వెళ్ళాడు. మూడు నిమిషాలు. తిరిగొచ్చినప్పుడు టోపీ చేతిలో ఉంది. "అయిదూ యాభై ఎనిమిది," అన్నాడు మెల్లగా. "ఈడికెల్లి కిలోమీటరున్నర. అయిదు నిమిషాలల్ల ఎట్ల పోతది? మరి ఎవరు?"

"ఈ పట్టీ ఎత్తు చూడండి. పొడుగు మనిషి. ఈ స్టాండు జరిపిన చోటు చూడండి. కుడి కన్ను లేని మనిషి. మా పిల్లకి ఏం చేస్తున్నారో చూపించండమ్మా అని అడిగుంటాడు. ఆవిడ మంచిమనిషి, చోటు జరిపి, ఎత్తు పెంచి, ఆరుసార్లు చూపించింది. తర్వాత ఆయన పుస్తకం అడిగుంటాడు. ఎవరి పుస్తకం ఎవరికీ ఇవ్వరు. చేతిలో ఉన్నదాన్ని లాక్కోవడంలో ఆవిడ పడింది." దీనమ్మ నిట్టూర్చింది. "పేరు యాదయ్య. ఆ పిల్ల మేనమామ. పొద్దున నన్ను ఈ కేసు చూడమని వచ్చినాయన."

"తనే చేసి, తనే మీ కాడికొస్తడా?"

"పిల్ల చేయలేదని గట్టిగా తెలిసినవాడు ఆయనొక్కడే కదండీ."

"లిఫ్టు కెమెరాల వేరే ఎవరు లేరు."

"మెట్లున్నాయి. ఈ భవనాల్లో సెక్యూరిటీ చొక్కా వేసుకున్న ముసలాయన మెట్లెక్కుతుంటే ఎవరు చూస్తారు? మీరు చూస్తారా?"

అజయ్ ఫోన్ తీశాడు. యాదయ్య నంబరు అడిగి కలిపాడు. స్విచాఫ్.

*

యాదయ్య ఎక్కడుంటాడో రజితకే తెలుసు కాబట్టి ఆమెనూ జీపులో ఎక్కించారు. మూడుంపావు. పుప్పాలగూడలో ఆయన కాపలా కాసే అపార్ట్‌మెంటు చేరడానికి పాతిక నిమిషాలు పట్టింది.

దారిలో దీనమ్మ దాచకుండా చెప్పింది. దేవిశ్రీ గదిలో లైటు ఎంత ఎత్తున ఉందో, ఏ పక్కకి జరిగిందో. మీ మామ కన్ను ఎప్పుడు పోయిందని అడిగింది.

"గా దినమే. బండ పేలినంక ఇంకా రాళ్ళు పడుతనే ఉన్నయి, నాయిన కోసం లోపలికి ఉరికిండు. రాయి పలుకు తగిలింది." రజిత కిటికీలోంచి బయటికి చూస్తోంది. అటే చూస్తూ అంది, "నేను మీకు అబద్ధం చెప్పిన హెడ్డమ్మా. టైమైపోలేదు. చేతులెవరియో కనవడ్డయి. మామవే. మేడంకు గూడ చెప్పలే."

ముందు సీట్లోంచి అజయ్ వెనక్కి తిరిగాడు.

"ఎండ మస్తుండె. నా తల కాలుతదని తీగ మీది తువ్వాల తీసి చుట్టిండు. ఎవరిదని చూసుకోలే. పట్టా కొట్టేటప్పటికి మరిచిపోయిండు. తీగ ఖాళీగ ఉంది, మందు ముట్టియ్యమన్నడు." ఆమె కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి కానీ మాట నిలకడగా ఉంది. "పిల్ల తీసింది అని అందరంటుంటె కాదనలేకపోయిండు. అంతే గదా? ఏడేండ్ల పిల్లను ఎవరేమంటరు అనుకొనుంటడు. గది బయట పడ్డదేమో అనే పుస్తకం గుంజుకున్నడేమో. మామను ఏమంటరో అని నేను చెప్పలే. చెప్పకపోతె పోనియ్యి, నాకైతె రెండుకొచ్చింది గదా అనుకున్న."

"కళ్ళెదుట చూసిందంతా నిజమే కావాలని లేదమ్మా, ఇక మనసులో చూసింది ఎలా నమ్మడం? చిన్నప్పటి గుర్తులు సాక్ష్యం కావని దేవిశ్రీ గారే చెబుతారేమో," అంది దీనమ్మ.

"కోర్టుకు కాకపోవచ్చు. ఆ చేతులు నాకు తెల్వవా? ఇరవై ఏడేండ్లు అన్నం పెట్టిన చేతులు."

అపార్ట్‌మెంటు గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీలో టోపీ, విజిల్, రిజిస్టరు. రిజిస్టరు పైన పెన్ను అడ్డంగా పెట్టి ఉంది, డ్యూటీ అప్పజెప్పి వెళ్ళినట్టు. పక్క బ్లాకు వాచ్‌మన్ అన్నాడు, "గంటైంది, వెనకకు పోయిండు. చేతిల ఏదో పుస్తకం ఉండె. ఒంటరిగ సదువుకుంటడేమో అనుకున్న. ఆయనకు సదువు రాదు గదా, అని మల్ల యాదికొచ్చింది."

రజిత అప్పటికే పరుగెత్తుతోంది.

భవనం వెనక ప్రహరీ, ప్రహరీలో ఇనుపగేటు, గేటు దాటితే పాత క్వారీ గుంత. ఇప్పుడు అడుగున నీళ్ళు. ఎవరూ దిగకుండా చుట్టూ ఇనుప కమ్మీలు పాతి తీగ లాగారు. పాతిక అంతస్తుల నీడ సగం గుంత మీద పడింది. దీనమ్మ ఆయాసపడుతూ చేరేసరికి రజిత తీగ ముందు ఆగిపోయి ఉంది.

తీగ మీద ఒక తువ్వాల వేసి ఉంది. పాతది, వెలిసిపోయినది. ఎర్రచారలు ఇంకా కొంచెం తెలుస్తున్నాయి. దాని చెంగులో నోటుపుస్తకం మూటకట్టి ఉంది.

"ఇది..." అంది దీనమ్మ.

"నాయినది. అమ్మ పోయినప్పుడు పెట్టెల ఎతికిన, దొరకలే. మామ దాచుకున్నడు."

అజయ్ అంచుకి వెళ్ళి వంగాడు. మెట్లలా కోసిన రాయి, కింద నీడ, ఆకుపచ్చ నీళ్ళు. మనిషి కనిపించలేదు. "సురేష్! తాడు, ఫైరోళ్ళకు ఫోన్ కొట్టు, జల్ది!" అంటూ పుస్తకం కోసం తువ్వాల మీద చెయ్యి వేశాడు.

"ముట్టకుండ్రి సార్!"

ఆ కేకకి అజయ్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"తువ్వాల ఉంది. మనిషి లోపలున్నడు," అంది రజిత. "ఇయ్యాల దాన్ని ఎవరు తియ్యరు."

ఆమె వంగి అరచేతికి పట్టేంత రాయి తీసింది. ఇనుప కమ్మీని బలమంతా పెట్టి కొట్టింది. ఒకటి. ఆ మోత గుంత గోడలకి తగిలి తిరిగొచ్చింది. రెండు. మూడు.

దూరంగా ఎక్కడో లిఫ్టు గంట. నీళ్ళ మీద గాలి. దీనమ్మ తనకి తెలియకుండానే తీగని గట్టిగా పట్టుకుంది.

రజిత మళ్ళీ కొట్టింది. ఒకటి. రెండు. మూడు. "మామా! నాకు తెల్సు! నాకు కోపం లేదు! పైకి రా!"

అడుగున, నీడలోంచి, రాయి మీద రాయి తగిలిన చప్పుడు వినిపించింది.

ఒక్కటే దెబ్బ.